ఎస్‌జీపీటీ నుంచి లైపేజ్ దాకా: ఎంజైమ్‌ల రిపోర్ట్ చదవడం ఎలా?

సాయంత్రం రిపోర్టులు ఇచ్చే వేళకి మా ల్యాబ్ కౌంటర్ దగ్గర ఒకటే ప్రశ్న. "ఈ లావు అక్షరాల్లో ఉన్న అంకె ఏంటండీ? లివర్ పోయినట్టేనా?" అడిగినాయన అప్పటికే రిపోర్ట్ ఫొటో తీసి వాట్సాప్‌లో బావమరిదికి పంపేసి ఉంటాడు. బావమరిది గూగుల్ చూసి నాలుగు జబ్బుల పేర్లు తిరిగి పంపి ఉంటాడు. నేను ల్యాబ్‌లో పనిచేసేవాణ్ణి, మందు రాసేవాణ్ణి కాదు. అయినా ఇన్నేళ్లుగా ఈ కాగితాలు చేతులు మారడం చూశాక ఒకటి చెప్పగలను: జనం భయపడేది చాలాసార్లు భయపడక్కర్లేని అంకె చూసి. నిజంగా చూడాల్సిన అంకె పక్క పేజీలో మామూలు అక్షరాల్లో పడి ఉంటుంది.

ఎంజైమ్‌లు కణాల లోపల ఉండి పని చేసే ప్రొటీన్లు. కణం బాగున్నంతకాలం వాటిలో చాలా కొద్ది భాగమే రక్తంలోకి వస్తుంది. కణం దెబ్బతింటే లోపలి సరుకు బయటికి కారుతుంది, మేం దాన్ని కొలుస్తాం. పాలు పొంగి పొయ్యి గట్టు మీద పడ్డాయనుకోండి. ఏ పొయ్యి మీద పొంగాయో, ఎంత ఒలికాయో గట్టు చూస్తే తెలుస్తుంది. గిన్నెలో ఇంకెన్ని పాలు మిగిలాయో మాత్రం గట్టు చెప్పదు, గిన్నెలోకి తొంగి చూడాల్సిందే. రిపోర్ట్ చదివేటప్పుడు ఈ తేడా మర్చిపోకండి.

1. ముందు రక్తం ఎలా తీశారో గుర్తు తెచ్చుకోండి

అంకెలు చూడటానికి ముందు చేయాల్సిన పని ఇది, ఎవరూ చేయని పని కూడా.

ఎర్ర రక్తకణాల నిండా ఎల్‌డీహెచ్, ఎస్‌జీఓటీ అనే ఎంజైమ్‌లు ఉంటాయి. నరం దొరక్క సూదిని లోపలే అటూ ఇటూ తిప్పినా, సిరంజిలోని రక్తాన్ని సూదిలోంచే గట్టిగా ట్యూబులోకి నెట్టినా, ట్యూబును బలంగా ఊపినా ఆ కణాలు చితికి, వాటిలోని సరుకు సీరంలో కలుస్తుంది. ట్యూబును గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్ యంత్రంలో పెట్టి తీశాక పైకి తేరే సీరం లేత గడ్డిరంగులో ఉండాలి. గులాబీ రంగులో ఉంటే "హీమోలైజ్ అయింది" అంటాం. పద్ధతిగా నడిచే ల్యాబ్ ఆ మాట రిపోర్ట్ అడుగున చిన్న అక్షరాల్లోనైనా రాస్తుంది. ముందు అది వెతకండి. ఉంటే ఎల్‌డీహెచ్, ఎస్‌జీఓటీ, పొటాషియం అంకెల్ని పక్కన పెట్టి మళ్లీ రక్తం ఇవ్వడమే మేలు.

ట్యూబు మూత రంగు కూడా అంకెను మార్చేస్తుంది. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒకాయనకి ఏఎల్‌పీ అనే ఎంజైమ్ పాతాళంలో, కాల్షియం బాగా తక్కువ, పొటాషియం చూస్తే మనిషి బతికి ఉండకూడనంత ఎక్కువ వచ్చాయి. ఆయనేమో బయట బెంచీ మీద కూర్చుని నిమ్మళంగా టీ తాగుతున్నాడు. జరిగిందేమిటంటే, ఎర్రమూత ట్యూబులో రక్తం చాల్లేదని ఊదామూత ట్యూబులోంచి కాస్త అందులోకి ఒంపాను. రక్తం గడ్డకట్టకుండా ఊదామూతలో వేసే ఈడీటీఏ పొటాషియం లవణం. అది రక్తంలో కాల్షియాన్ని, జింకును, మెగ్నీషియాన్ని పట్టేసుకుంటుంది. జింకు, మెగ్నీషియం లేనిదే ఏఎల్‌పీ పని చేయదు. ఆ రోజు మా సీనియర్ పెట్టిన చీవాట్లతో పాఠం బాగానే ఒంటబట్టింది. మీ రిపోర్టులో ఏఎల్‌పీ, కాల్షియం రెండూ పడిపోయి పొటాషియం ఆకాశంలో ఉంటే, జబ్బు కంటే ముందు ట్యూబును అనుమానించండి.

ఇక మీ వైపు నుంచి గుర్తు తెచ్చుకోవాల్సినవి. గడిచిన వారంలో కొత్తగా జిమ్‌లో చేరారా, కొండ ఎక్కారా, బరువులు మోశారా? పిరుదుకో జబ్బకో ఇంజెక్షన్ చేయించుకున్నారా? ఫిట్స్ వచ్చాయా, కింద పడ్డారా? మందు తాగారా? పారాసెటమాల్, టీబీ మందులు, కొలెస్ట్రాల్ బిళ్లలు, కషాయాలు, పసరు ఏమైనా వాడారా? ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఆకుమందు కదా అని వదిలేయకండి. కరోనా రోజుల్లో తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే బయటపడ్డాయి.

పరగడుపున రావాలా అని అందరూ అడుగుతారు. ఈ ఎంజైమ్‌లకి అక్కర్లేదు. ప్యాకేజీలో షుగరు, కొలెస్ట్రాల్ కలిపి ఉంటాయి గనక రమ్మంటాం.

2. అంకెను వదిలి, ఎన్ని రెట్లో చూడండి

ఇక్కడ మేం ఎంజైమ్ బరువు తూచడం లేదు, అది ఎంత చురుగ్గా పని చేస్తోందో కొలుస్తున్నాం. నిమిషానికి ఒక మైక్రోమోల్ పదార్థాన్ని మార్చగలిగితే ఒక యూనిట్. రిపోర్టులో లీటరుకి ఇన్ని యూనిట్లని ఉంటుంది. వాడే రసాయనం, పద్ధతి మారితే అంకె మారుతుంది. అందుకే ఒక ల్యాబ్ ఎస్‌జీపీటీ అనే లివర్ ఎంజైమ్‌కి పైహద్దు 40 అంటే ఇంకోటి 55 అంటుంది. ఈ ల్యాబ్‌లో 52, ఆ ల్యాబ్‌లో 46 వస్తే తగ్గిందని సంబరపడకండి, పెరిగిందని బెంగ పడకండి. మళ్లీ పరీక్ష చేయించేటప్పుడు వీలైనంతవరకు అదే ల్యాబ్‌కి వెళ్లండి.

పద్ధతి తేలిక. మీ అంకెను అదే కాగితం మీద ఉన్న పైహద్దుతో భాగించండి. ఎస్‌జీపీటీ 120, హద్దు 40 అయితే మూడు రెట్లు. డాక్టర్లు మాట్లాడుకునే భాష ఇదే. రెండు రెట్లలోపు ఉంటే సాధారణంగా కారణం వెతికి, కొన్ని వారాలాగి మళ్లీ చూస్తారు. అయిదు రెట్లు దాటితే ఆగరు. ఇరవై అయిదు రెట్లు, అంటే వెయ్యి దాటితే అదే రోజు డాక్టరు దగ్గర ఉండాలి.

అచ్చయిన హద్దులు ఉదారంగా ఉంటాయన్న సంగతీ తెలుసుకోండి. ఆరోగ్యవంతులకి ఎస్‌జీపీటీ పైహద్దు మగవాళ్లలో 29 నుంచి 33, ఆడవాళ్లలో 19 నుంచి 25 ఉండాలని అమెరికా గ్యాస్ట్రో డాక్టర్ల సంఘం 2017లో చెప్పింది. మధుమేహం, పొట్ట, కుటుంబంలో లివర్ జబ్బు ఉన్న ఆమెకి 38 వస్తే, రిపోర్టులో లావు అక్షరాల్లో పడకపోయినా నేనైతే డాక్టరుకి చూపించమంటాను.

స్వీడన్‌లో ఉన్న మనవాళ్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి "అన్నా, నా ఎస్‌జీపీటీ 0.7 వచ్చింది, ఇంత తక్కువా?" అంటారు. అక్కడ మైక్రోకటాల్ అనే వేరే కొలతలో రాస్తారు. 60తో గుణించండి, 42 వస్తుంది.

3. ఏ ఎంజైమ్ ఏ ఇంటిదో తెలుసుకోండి

ఎస్‌జీపీటీకి ఇప్పటి పేరు ఏఎల్‌టీ, ఎస్‌జీఓటీకి ఏఎస్‌టీ. పుస్తకాలు పేర్లు మార్చి దశాబ్దాలైనా మన కౌంటర్ల దగ్గర పాత పేర్లే చెల్లుతున్నాయి. ఎస్‌జీపీటీ ఎక్కువగా లివర్‌ది. ఎస్‌జీఓటీ మాత్రం లివర్‌లో, గుండెలో, కండల్లో, ఎర్రకణాల్లో, అన్నిచోట్లా ఉంటుంది. అసలు దాన్ని రోగనిర్ధారణకి వాడటం మొదలైందే గుండెపోటుతో. 1954లో లాడ్యూ, రొబ్లెవ్‌స్కీ, కార్మెన్ అనే ముగ్గురు గుండెపోటు వచ్చినవాళ్ల రక్తంలో అది పెరగడం గమనించారు. ఇప్పుడు గుండెకి దాన్ని ఎవరూ చూడరు, లివర్ రిపోర్టులో కూర్చోబెట్టారు. అందుకే ఎస్‌జీఓటీ ఒక్కటే పెరిగి ఎస్‌జీపీటీ మామూలుగా ఉంటే లివర్ మీద నేరం మోపకండి. కండ కావచ్చు, చితికిన ఎర్రకణాలు కావచ్చు, మందు అలవాటు కావచ్చు.

కండ సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. నాలుగైదేళ్ల మగపిల్లాడు. తరచూ పడిపోతుంటాడు. నేల మీంచి లేవాలంటే తొడల మీద చేతులు ఆనించుకుంటూ లేస్తాడు. పిక్కలు చూస్తే పహిల్వాన్‌లా లావుగా ఉంటాయి. ఏదో జ్వరానికి రక్తం తీస్తే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ రెండూ వందల్లో వస్తాయి. ఇంకేముంది, లివర్ జబ్బని ఊరూరా తిప్పి, పథ్యం పెట్టి, నూనె మాన్పించి నెలలు గడిపేస్తారు. అలాంటి పిల్లాడికి అడగాల్సిన పరీక్ష కండల ఎంజైమ్ సీపీకే. కండరాల క్షీణత జబ్బు డుషెన్ అయితే అది వేలల్లో, ఒక్కోసారి పదివేలు దాటి ఉంటుంది. లివర్, పైత్యనాళాల ఎంజైమ్ జీజీటీ మాత్రం మామూలుగా ఉంటుంది, ఎందుకంటే కండలో జీజీటీ ఉండదు. "లివర్ ఎంజైమ్‌లు" అన్న పేరే ఇక్కడ మోసం చేస్తుంది.

ఏఎల్‌పీకి ముఖ్యంగా రెండు పుట్టిళ్లు: పైత్యనాళాలు, ఎముకలు. ఎదిగే పిల్లల్లో ఎముకలు సాగుతుంటాయి గనక పెద్దవాళ్ల హద్దుకి రెండు మూడు రెట్లున్నా అది ఎదుగుదలే కావచ్చు. చాలా రిపోర్టుల్లో పిల్లల హద్దు వేరుగా అచ్చు వేయరు, పదమూడేళ్ల అబ్బాయి కాగితం మీద కూడా పెద్దల హద్దే ఉంటుంది. విరిగిన ఎముక అతుక్కుంటున్నా, డి విటమిన్ బాగా తగ్గినా పెరుగుతుంది. నెలలు నిండే గర్భిణుల్లో మాయ నుంచి కూడా వస్తుంది. లివర్‌దా ఎముకదా తేల్చుకోవాలంటే జీజీటీ చేయించండి. అదీ పెరిగితే లివర్ వైపు, మామూలుగా ఉంటే ఎముక వైపు. కానీ జీజీటీని ఒంటరిగా చూసి ఎవరినీ తాగుబోతు అనకండి. ఫిట్స్ మందులు వాడేవాళ్లలో కూడా అది పెరుగుతుంది.

గర్భిణులకి ఇంకో మాట. ఏఎల్‌పీ పెరగడం సహజమే గాని ఎస్‌జీపీటీ పెరగడం సహజం కాదు. చివరి నెలల్లో ఎంజైమ్‌లు పెరిగి, ప్లేట్‌లెట్లు తగ్గి, బీపీ ఎక్కువై, కుడి డొక్క పైన నొప్పి ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు.

ఎల్‌డీహెచ్ అన్ని కణాల్లోనూ ఉండేది. ఊరంతా చుట్టాలున్న మనిషిని ఏ ఇంటివాడంటే ఏం చెబుతాం? అదొక్కటే పెరిగితే అర్థం తక్కువ. బి12 లోపంతో రక్తం తగ్గినా అది చాలా ఎక్కువవుతుంది. ఆ శాంపిల్‌ను ఫ్రిజ్‌లో పెడితే దానిలోని ఒక రకం చలికి చెడిపోతుందని కూడా చాలామందికి తెలియదు.

4. లివర్ కణమా, పైత్యనాళమా: చిన్న భాగాహారం

ఎస్‌జీపీటీ ఎన్ని రెట్లో, ఏఎల్‌పీ ఎన్ని రెట్లో లెక్కవేశారు కదా. మొదటి దాన్ని రెండో దానితో భాగించండి. దీన్ని ఆర్ విలువ అంటారు. 5 లేదా అంతకంటే ఎక్కువైతే లివర్ కణాలే దెబ్బతింటున్నాయి. 2 లేదా అంతకంటే తక్కువైతే పైత్యం పారే దారిలో అడ్డు. మధ్యలో ఉంటే రెండూ కలిసి ఉన్నాయని.

ఎస్‌జీపీటీ 800, హద్దు 40, అంటే 20 రెట్లు. ఏఎల్‌పీ 260, హద్దు 130, అంటే 2 రెట్లు. ఆర్ విలువ 10. వైరల్ హెపటైటిస్ (వైరస్‌తో వచ్చే లివర్ వాపు), మందుల దెబ్బ లాంటివి వెతకాలి. ఇంకొకరికి ఎస్‌జీపీటీ 120, ఏఎల్‌పీ 520 అనుకోండి. మూడుని నాలుగుతో భాగిస్తే 0.75. ఈయనకి ముందు కావాల్సింది అల్ట్రాసౌండ్: పిత్తాశయంలోంచి రాయి జారిందా, నాళం ఉబ్బిందా అని. కళ్లు పచ్చబడి, ఒళ్లంతా దురద, మలం తెల్లబడిందంటే ఇంకా గట్టి ఆధారం.

5. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీలలో ఏది పెద్దదో చూడండి

ఇటలీ డాక్టరు ఫెర్నాండో డి రిటిస్ 1957లో ఈ రెండిటి నిష్పత్తి మీద దృష్టి పెట్టారు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. మామూలు వైరల్ హెపటైటిస్‌లో, కొవ్వు లివర్‌లో ఎస్‌జీపీటీదే పైచేయి. ఎస్‌జీఓటీ రెండింతలు దాటి, రెండూ 400 లోపే ఉంటే మద్యం వల్ల కావచ్చు. మందు అలవాటున్నవాళ్లలో బి6 విటమిన్ తగ్గుతుంది, ఎస్‌జీపీటీకి అది లేకపోతే గడవదు, అందుకే అది వెనకబడుతుంది. "మా ఆయన రెండేళ్ల క్రితమే మానేశారండీ" అని భార్య చెబుతుంటే ఆయన పక్కకి చూస్తుంటాడు. కౌంటర్ దగ్గర మేం ఏమీ అనం.

డెంగీలో కూడా ఎస్‌జీఓటీయే ఎక్కువ ఉంటుంది. వానాకాలంలో జ్వరం వచ్చిన ఇంటివాళ్లు ప్లేట్‌లెట్ల చుట్టూ తిరుగుతారు గానీ, ఎంజైమ్‌లు వెయ్యి దాటితే అది తీవ్రమైన డెంగీ కింద లెక్క.

వేలల్లో అంకెలు వచ్చే సందర్భాలు కొద్దే: హెపటైటిస్ ఎ, బి, ఇ లాంటి వైరస్‌లు, మోతాదు మించిన పారాసెటమాల్ లాంటి మందులు, షాక్‌లో రక్తం అందక లివర్ సొమ్మసిల్లడం. కలుషితమైన నీళ్లతో వచ్చే ఎ రకం చాలామందిలో దానంతటదే తగ్గుతుంది. ఆ తగ్గే వారాల్లోనే పసరు పోయించుకుంటారు, పేరు పసరుకి దక్కుతుంది. గర్భిణికి ఇ రకం వస్తే ప్రాణాంతకం కావచ్చు, ఆమె విషయంలో పసరు మాటే ఎత్తకండి.

6. కొవ్వు లివర్ అన్నారా? ఎన్ని మచ్చలు పడ్డాయో లెక్క కట్టండి

ఇప్పుడు మా దగ్గరికి వచ్చే రిపోర్టుల్లో ఎక్కువ ఇవే. స్కాన్‌లో "గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్", ఎస్‌జీపీటీ 64. అసలు భయం కొవ్వు కాదు, దాని వెనకాల లివర్‌లో మచ్చలు పడి అది గట్టిపడటం. దాన్ని అంచనా వేయడానికి ఫిబ్-4 అనే లెక్క ఉంది, మీ రిపోర్టులతోనే వేసుకోవచ్చు. వయసుని ఎస్‌జీఓటీతో గుణించండి, అది పైన. ప్లేట్‌లెట్లని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించండి, అది కింద. ప్లేట్‌లెట్లు లక్షల్లో ఉంటాయి కదా, 2.1 లక్షలైతే 210 అని వేసుకోవాలి.

49 ఏళ్ల మనిషి, ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు. పైన 49 ఇంటూ 48, 2352. 64కి వర్గమూలం 8, దాన్ని 210తో గుణిస్తే 1680. భాగిస్తే 1.4. 1.3 కంటే తక్కువైతే మచ్చలు గట్టిగా పడి ఉండే అవకాశం తక్కువ. 2.67 దాటితే లివర్ డాక్టరుని కలవాల్సిందే. ఈయన మధ్యలో ఉన్నాడు, లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయిస్తారు. 65 దాటినవాళ్లకి కింది హద్దు 2 అని తీసుకుంటారు. జ్వరంలో ఉన్నప్పుడు తీసిన అంకెలతో ఈ లెక్క వేయకండి, డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయి అంతా తప్పు వస్తుంది.

ఎస్‌జీపీటీ మామూలుగా ఉన్నా కొవ్వు లివర్ ఉండవచ్చు, లివర్ గట్టిపడీ ఉండవచ్చు.

7. గిన్నెలోకి తొంగి చూడండి

ఎంజైమ్‌ల వరస అయిపోయాక బిలిరుబిన్ (కామెర్ల పసుపు రంగు పదార్థం), ఆల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్), పీటీ-ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే అంకె) చూడండి. ఇవి ఎంజైమ్‌లు కావు గానీ లివర్ పని ఎలా చేస్తోందో చెప్పేవి ఇవే. ఆల్బుమిన్‌నీ, రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లనూ తయారు చేసేది లివర్. రక్తాన్ని పలచబరిచే మందులు వాడని మనిషికి ఐఎన్ఆర్ 1.5 దాటిందంటే ఎస్‌జీపీటీ ఎంతున్నా సరే తీవ్రంగా తీసుకోవాలి.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. ఎస్‌జీపీటీ సోమవారం 3000, గురువారం 900. "తగ్గిపోతోంది" అని ఇంటికి తీసుకుపోతారు. అదే గురువారం బిలిరుబిన్ 8 నుంచి 17కి, ఐఎన్ఆర్ 1.4 నుంచి 2.6కి పెరిగింది. మనిషి మగతగా ఉన్నాడు, అడిగిందానికి వేరే ఏదో చెబుతున్నాడు. ఇది తగ్గడం కాదు. ఒలకడానికి పాలే మిగల్లేదు. ఇలాంటి మనిషిని లివర్ మార్పిడి సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చాలి.

నిజంగా కోలుకునేటప్పుడు కూడా అన్నీ ఒకేసారి తగ్గవు. రక్తంలో ఎస్‌జీఓటీ సుమారు 17 గంటల్లో సగమవుతుంది, ఎస్‌జీపీటీకి దాదాపు 47 గంటలు పడుతుంది. జీజీటీకి వారాలు. కాబట్టి రోజు మార్చి రోజు పరీక్ష చేయించి డబ్బు పోసుకోకండి. ఎప్పుడు మళ్లీ రావాలో డాక్టరునే అడగండి.

8. గుండె, పొట్ట, కండ

గుండె నొప్పి సంగతి ఒక్క మాటలో: ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో లాగడం, చెమట ఉంటే ల్యాబ్‌కి రావద్దు, 108కి ఫోన్ చేయండి. ముందు ఈసీజీ. గుండె కండ దెబ్బతింటే వచ్చే సీకే-ఎంబీ ఎంజైమ్ పెరగడానికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది, కాబట్టి నొప్పి మొదలైన గంటకే వచ్చి తీయించుకున్న మామూలు రిపోర్టు చూసి గ్యాస్ అని సర్దుకున్నవాళ్లు మోసపోతారు. ఇప్పుడు ఎక్కువగా చూసేది ట్రోపోనిన్, అది ఎంజైమ్ కాదు, గుండె కండలోని ప్రొటీన్. దాన్ని కూడా కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చూస్తారు.

పైకడుపులో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పి, వాంతులు. పాంక్రియాస్ (క్లోమం) వాపేమోనని దాని ఎంజైమ్‌లు లైపేజ్, అమైలేజ్ రాస్తారు. ఒక్కటే చేయించే స్తోమతుంటే లైపేజ్ చాలు. అమైలేజ్ మూడు నుంచి అయిదు రోజుల్లో దిగిపోతుంది, లైపేజ్ వారం దాటినా ఉంటుంది. అమైలేజ్ లాలాజల గ్రంథుల నుంచి కూడా వస్తుంది, గవదబిళ్లల్లో పెరిగేది అందుకే. రక్తంలో ట్రైగ్లిజరైడ్‌లు అనే కొవ్వులు వేలల్లో ఉన్నవాళ్లలో అమైలేజ్ తప్పుగా మామూలని వస్తుంది. లైపేజ్ అయినా అమైలేజ్ అయినా హద్దుకి మూడు రెట్లు దాటితేనే పాంక్రియాస్ వాపన్న అనుమానానికి బలం. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లలో రెండూ కాస్త పెరిగే ఉంటాయి. ఇంకొకటి: లైపేజ్ 600 ఉన్నాయన కంటే 3000 ఉన్నాయనకి జబ్బు ముదిరిందనేం లేదు. రోజూ దాన్ని తీయించడం దండగ.

సీపీకే కండది. జిమ్‌లో మొదటి వారం స్క్వాట్లు చేసిన కుర్రాడికి వేలల్లో రావచ్చు. వారం రోజులు కసరత్తు ఆపి మళ్లీ చూడండి. దిగకపోతే థైరాయిడ్ పరీక్ష చేయించండి, థైరాయిడ్ తగ్గినా సీపీకే పెరుగుతుంది. కొలెస్ట్రాల్ మందు వాడుతూ ఒళ్లు నొప్పులంటే డాక్టరుకి చెప్పండి, మీరే మానేయకండి. కానీ మూత్రం కోలా రంగులోకి మారిందంటే కండ కరిగి కిడ్నీలకి అడ్డం పడుతోందని. నీళ్లు తాగుతూ ఇంట్లో కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లండి.

9. పెరిగితే కాదు, తగ్గితే చెప్పేది: కోలినెస్టరేజ్

గుంటూరు, వరంగల్, ఆదిలాబాద్ పత్తి చేలల్లో పురుగుమందు కొట్టేవాళ్లకి తెలియాల్సిన పరీక్ష ఇది. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు ఈ ఎంజైమ్‌ను కట్టిపడేస్తాయి, రక్తంలో దాని పని పడిపోతుంది. చిక్కేమిటంటే ఇది మనిషి మనిషికీ చాలా తేడాగా ఉంటుంది. బాగా ఎక్కువ ఉన్న మనిషికి సగం పడిపోయినా కాగితం మీద మామూలుగానే కనిపిస్తుంది. కాబట్టి సీజన్ మొదలవకముందే ఒకసారి చేయించుకుని ఆ కాగితం దాచుకోండి, తర్వాత దానితోనే పోల్చాలి. చేలో పడిపోయిన మనిషికి మాత్రం రిపోర్ట్ కోసం ఆగకూడదు. చొంగ, చెమట, వాంతులు, సూదిమొనంత చిన్నబడ్డ కంటిపాపలు కనిపిస్తే బట్టలు విప్పేసి, ఒళ్లు కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకుపోండి.

పురుగుమందు ఎప్పుడూ ముట్టకపోయినా కొందరికి ఇది పుట్టుకతోనే తక్కువ. ఆర్యవైశ్య కుటుంబాల్లో ఇది ఎక్కువగా కనబడుతుంది. వాళ్లలో ఉన్న ప్రత్యేకమైన జన్యు మార్పును 2006లో పరిశోధకులు ప్రచురించారు. రోజువారీ బతుకులో దీనితో ఏ ఇబ్బందీ ఉండదు. ఆపరేషన్‌కి మత్తు ఇచ్చేటప్పుడు సక్సినైల్ కోలిన్ అనే ఇంజెక్షన్ చేస్తే, కొన్ని నిమిషాల్లో వదలాల్సిన కండలు గంటల తరబడి వదలవు, వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత శ్వాస ఆలస్యంగా వచ్చిందని పెద్దవాళ్లు చెబుతుంటే మత్తు డాక్టరుకి ముందే చెప్పి, ఈ పరీక్ష అడగండి. వాళ్లు వేరే మందు వాడతారు.

10. ఊపిరితిత్తుల పక్కన నీరు చేరితే

ఆ నీటిలో ఏడీఏ అనే ఎంజైమ్ చూస్తారు. లీటరుకి 40 యూనిట్లు దాటి, లింఫోసైట్లు అనే తెల్లకణాలు ఎక్కువుంటే మన దేశంలో టీబీ వైపే గట్టిగా అనుమానిస్తారు. చీము పట్టినా పెరుగుతుంది. రక్తంలో ఏడీఏ చేయించమని ఎవరైనా అంటే మాత్రం ఎందుకని అడగండి, దానికి అంత విలువ లేదు. టీబీ మందులు మొదలయ్యాక చూడాల్సింది ఎస్‌జీపీటీ. వాంతులు, కళ్ల పచ్చదనం లాంటి లక్షణాలతో మూడు రెట్లు దాటినా, లక్షణాలు లేకుండా అయిదు రెట్లు దాటినా మందులు ఆపి చూస్తారు. ఆ నిర్ణయం మీకు మందులిచ్చే డాక్టరుదే. మధ్యలో మీరే మానేస్తే టీబీ మొండిదవుతుంది.

11. డాక్టరు ముందు ఏం పెట్టాలి

ఒక్క లావు అంకె ఫొటో కాకుండా పేజీలన్నీ తీసుకెళ్లండి. పాత రిపోర్టులు తేదీల వారీగా కింద నుంచి పైకి పెట్టండి. ఆరేళ్ల క్రితం కూడా ఏఎల్‌పీ ఇంతే ఉందని తెలిస్తే డాక్టరు ఆలోచనే మారిపోతుంది. మొదటి మెట్టులో రాసుకున్న కాగితం పైన ఉంచండి: కసరత్తు, ఇంజెక్షన్, మందు, మాత్ర, కషాయం. మందు తాగిన సంగతి ఇంట్లోవాళ్ల ముందు చెప్పలేకపోతే ఆ కాగితం మీద రాసి మడిచి ఇవ్వండి. మా దగ్గర కూడా కొందరు అలాగే ఇస్తారు.